ఇంజను దొరికింది సరే, ఘాటీ దిగేదెలా?

మన సాఫ్ట్‌వేరోళ్ళకి ఒక జబ్బుంది. ఏదైనా స్టార్టయితే చాలు, పనైపోయిందనుకుంటాం. సర్వరు లేచిందా, పార్టీ! ఈ జబ్బు ఇప్పుడు ఇంట్లో కారు కట్టుకునే సరదాకీ పాకింది. "గురూ, పాత మారుతి ఇంజను దొరికింది, ఛాసిస్ వెల్డింగు అయిపోవచ్చింది, మొదటి ట్రిప్పు అరకే!" అంటాడు మా కొలీగు. సరదా మంచిదే. అరకు అన్నాడే, అక్కడే నాకు పేచీ.

ముందు ఇంజను, గేరుబాక్సుల పెళ్ళి సంగతి చూద్దాం. మారుతి 800లోనూ ఓమ్నీలోనూ ఉండేది అదే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. కానీ 800లో అది అడ్డంగా కూర్చుని, గేర్లూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో పెట్టుకుని, ముందు చక్రాల్ని తిప్పుతుంది. ఓమ్నీలో నిలువుగా ఉండి, పొడవాటి షాఫ్టుతో వెనక చక్రాల్ని తిప్పుతుంది. 800 సెట్టు మొత్తాన్ని తీసుకెళ్ళి సీటు వెనక బిగించుకోవచ్చు. తొందరలో దాన్ని ముందువెనకలుగా తిప్పి బిగించారో, నాలుగు రివర్సు గేర్లూ, ముందుకెళ్ళడానికి ఒక్కటీ మిగుల్తాయి!

ఇంజను ఒక బండిదీ, గేరుబాక్సు ఇంకో బండిదీ అయితే కథ ఇంకాస్త ముదురుతుంది. మధ్యలో లేత్ మీద ప్లేటు చేయించాలి. రెండింటి సెంటరూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, లేకపోతే బేరింగూ క్లచ్చూ త్వరలోనే పోతాయి. క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే పళ్ళు గేరుబాక్సు షాఫ్టుకి సరిపోవాలి, దాని సైజు ఫ్లైవీలుకి సరిపోవాలి. ఇవన్నీ చేశాక జీపులా కనపడాలని పెద్ద టైర్లు వేస్తారు. టైరు వ్యాసం 20 శాతం పెరిగితే రోడ్డు మీద తోపు దాదాపు 17 శాతం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది కాబట్టి అది తెలుస్తుంది. దిగేటప్పుడు ఇంజను పట్టి ఆపే శక్తి కూడా అంతే తగ్గుతుంది. అది మాత్రం చెప్పిరాదు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. శృంగవరపుకోట వైపు దిగితే కనీసం 800 మీటర్లు పోతాయనుకోండి. మనుషులతో కలిపి బండి 900 కిలోలు. దిగేలోపు వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 70 లక్షల జౌళ్ళు, అంటే రెండు యూనిట్ల కరెంటు. 24 లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా తెచ్చే వేడి! కొంత గాలికీ టైర్లకీ పోతుంది. మిగతాదంతా పోవడానికి రెండే దార్లు: చిన్న గేర్లో ఇంజను, లేదా బ్రేకులు. పెట్రోలు మిగుల్చుదామని న్యూట్రల్ చేశారా, ఒక దారి మూసేసినట్టే.

పక్కనే ఉన్న కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ సంగతే చెబుతుంది. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. లోడు బండి కొండ దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. అక్కడ అసలు పరీక్ష లాగడం కాదు, ఆపడం. కరెంటు ఇంజన్లలో ట్రాక్షన్ మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం పట్టి ఉంచుతారు. మన బండిలో ఆ పని చేసేది గేరుబాక్సే.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆ భయం న్యాయమైనదే. మన బండి లోయలోకి పోతే పోయేది మనమొక్కరమే కాదు, ఎదురుగా సంతనుంచి వచ్చే ఆటోలో జనం కూడా. కానీ బ్రిటన్లో ఇలా ఇంట్లో కట్టిన ఒక్క కారుని కూడా పరీక్ష చేసి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర సామాన్యుడికి అందే అలాంటి దారి లేకపోవడంతో, చేసేవాళ్ళు చాటుగా చేస్తున్నారు. చాటుగా చేసిన పనికి రివ్యూ ఉండదని మనకి వేరే చెప్పాలా?

ఆ దారి వచ్చేదాకా నా సలహా ఒకటే. సరదా తీరాలంటే ప్రైవేటు స్థలంలో, వాలు మీద, లోడు వేసి, కిందికి నడిపి చూడండి. ఎక్కిందని సంబరపడటం తేలికే. నిదానంగా దిగిందా లేదా అన్నదే లెక్క.