పచ్చచుక్క ఒక్కటే చాలదు

అనంతగిరి కొండ దిగేసరికి కడుపులో ఎలుకలు పరుగెడతాయి. వికారాబాద్, తాండూరు వైపు అలాంటప్పుడు వేడి జొన్నరొట్టె, పప్పు దొరికితే చాలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది మరి. పాలు సైతం ముట్టని వీగన్లకూ ఈ భోజనం పనికొస్తుంది. తాలింపు నెయ్యితో వద్దని ముందే చెప్పాలి, అంతే!

చిక్కంతా బర్గర్ దగ్గరే. అమెరికాలో బంగాళాదుంప వేపుళ్లలో గొడ్డుమాంసం రుచి కలిపారంటూ 2001లో హిందువులు కోర్టుకెక్కితే, మెక్‌డొనాల్డ్స్ 2002లో కోటి డాలర్లతో రాజీకొచ్చింది. 2019లో అక్కడే బర్గర్‌కింగ్ తెచ్చిన మొక్కల మాంసం బర్గర్‌నీ మామూలుగా మాంసం కాల్చే గ్రిల్ మీదే కాల్చేవారు. పైన గుడ్డు మయొనైజు!

మనదగ్గర పచ్చచుక్క ఉంటే మాంసం, గుడ్డు ఉండవు. పాలు, వెన్న, చీజ్ ఉండొచ్చు. అందుకే వీగన్ ఆహారానికి 2022లో వేరే గుర్తు పెట్టారు. అది పొట్లం మీద కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర మాత్రం నోరు తెరిచి అడగాల్సిందే... బన్నులో పాలున్నాయా, వేయించిన నూనె వేరేనా అని.