చేబదులు

మా కంప్లిలో అప్పు రహస్యం కాదు. కాలువ కింద వరి వేసేవాడు నాట్లకు ఎవరి దగ్గర తెచ్చాడో, చెరకు డబ్బు చేతికొస్తే ముందు ఎవరికి కట్టాలో టీ అంగడిలో కూర్చున్న నలుగురికీ తెలుసు. కన్నడంలో 'సాల' అన్నా, మనం బాకీ అన్నా, ఆ మాటకు పెద్ద సిగ్గేమీ లేదు. ఇచ్చినవాడు గడప ముందు నిలబడి పేరు పెట్టి పిలిచిననాడే సిగ్గు.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 1964 నాటి కేంద్ర సర్వీసు ప్రవర్తన నియమావళిలో పదిహేడో నియమం మాకు కంఠతా వచ్చు. ఉద్యోగి అప్పుల్లో కూరుకుపోకుండా తన వ్యవహారాలు చక్కబెట్టుకోవాలి. బాకీ కోసం ఎవరైనా కోర్టుకెక్కితే ఆ సంగతి తనే పైవాళ్ళకు తెలియజేయాలి. పక్కవాళ్ళకు ఈ నియమం చాలాసార్లు వినిపించాను.

2014లో మా అమ్మాయి పెళ్ళికి డబ్బు చాలలేదు. అన్న కొడుకు వర్జీనియాలో ఉన్నాడు. "చిన్నాయనా, నేను పంపుతా" అన్నాడు. నాలుగు లక్షలు. ఎక్కడి నుంచి తెచ్చావని నేనడగలేదు. ఇంట్లోవాళ్ళ మధ్య ప్రోనోటెందుకు? ఏటా ఉగాదికి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2018లో ఒక రాత్రి ఫోన్ చేశాడు. అప్పటికి వాడు అక్కడి పౌరుడు. వాళ్ళ రక్షణ శాఖకు పనులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కానీ సెక్యూరిటీ క్లియరెన్సు కావాలి. దానికి ఫారం 86 అని ఒకటి నింపాలట. గత ఏడేళ్ళలో ఏ బాకీ అయినా నూట ఇరవై రోజులు దాటి నిలిచిపోయిందా అని అందులో అడుగుతారు. నాకు పంపింది క్రెడిట్ కార్డు మీద తీసిన డబ్బు. మరుసటి ఏడు ఉద్యోగం పోయి, కంతులు ఆగిపోయాయి.

"డబ్బు అడగడానికి కాదు చిన్నాయనా. ఎందుకు ఆగిందో రాయాల. పెళ్ళికి పంపినానని రాస్తే నువ్వేమన్నా అనుకుంటావా?"

విదేశీయులెవరికైనా డబ్బు సాయం చేశారా అన్న ప్రశ్న కూడా ఉందట. అంటే నేను! ఇక్కడ 'ఆంధ్రదవరు' అనిపించుకోవడం నాకు అలవాటే. సొంత అన్న కొడుకు కాగితంలో విదేశీయుణ్ణి కావడం అదే మొదలు.

అంత పెద్ద దేశానికి ఒక కుర్రాడి బాకీతో ఏం పనని మొదట కోపమొచ్చింది. వాడే విడమర్చి చెప్పాడు. 1985లో సోవియట్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టి 1994లో పట్టుబడిన సి.ఐ.ఎ. ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ మొదట అప్పులు తీర్చుకోవడానికే ఆ దారి పట్టాడు. అందుకే 2017 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ నిబంధనల్లో పరిశీలించే అంశాలు పదమూడైతే, వాటిలో ఆరోది ఆర్థిక వ్యవహారాలు. అయితే బాకీ ఉన్నంత మాత్రాన తలుపు మూయరు. ఉద్యోగం పోవడం, జబ్బు, చావు లాంటివి కారణమా అని చూస్తారు. నిజాయితీగా తీర్చే ప్రయత్నం చేస్తున్నాడా అని చూస్తారు. దాచాడని తేలితే మాత్రం అది వేరే తప్పు, ఇంకా పెద్దది. మా పదిహేడో నియమానికి దగ్గరి చుట్టమే!

"రాయి నాయనా, నా పేరుతో సహా రాయి" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో కొంత నేను డిపాజిట్టు వేసుకున్నాను. ముసలితనానికని. పెళ్ళినాడూ ఉంది, వాడి ఉద్యోగం పోయిననాడూ ఉంది. వాడు అడగలేదు కాబట్టి నాకు గుర్తు రాలేదు. వాడు మాత్రం అప్పటికే కార్డువాళ్ళతో మాట్లాడుకుని నెలనెలా కడుతున్నాడు.

మరుసటి వారం హోసపేట వెళ్ళి డిపాజిట్టు తీశాను. డబ్బు బయటి దేశానికి పంపాలంటే బ్యాంకులో ఒక ఫారం ఉంటుంది, కారణం రాయాలి. కౌంటరులోని అమ్మాయి, "కుటుంబ పోషణ అని వేద్దామా సార్, అందరూ అదే వేస్తారు" అంది.

"వద్దమ్మా" అని కలం తీసుకుని, చేబదులు తీర్చడానికి అని రాశాను.

వాడి క్లియరెన్సుకు పద్నాలుగు నెలలు పట్టింది.