కొసరుగా వచ్చినవాడు

కోనసీమ గూర్చి వ్రాయమంటే ఎవరైనా కొబ్బరిచెట్లతోనో, గోదావరి పాయలతోనో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెడదామనుకున్నాను. కాని రాజోలు దగ్గర ఒక ఊరి కాలువగట్టున విన్న వాదన ఇంకా నా చెవుల్లోనే ఉన్నది. అది మనుష్యుల ధరలను గూర్చిన వాదన. అందుకే దానితోనే ఈ ప్రయాణం చెబుతాను.

2025 నవంబరు నెలాఖరు. యౌవనస్థుల కూడికకు రమ్మని పిలుపు వచ్చింది. రావులపాలెంలో బస్సు ఎక్కి కొత్తపేట, పలివెల, ముక్కామల మీదుగా అంబాజీపేట చేరాను. అక్కడ బస్సు ఆగినంతసేపూ కిటికీలోనుండి కొబ్బరి రాశులు చూస్తూ కూర్చున్నాను. తెలియనివారికి కొబ్బరికాయ అంటే ఒకటే కాయ. అంబాజీపేట మార్కెట్టులో అలా కాదు. పచ్చికాయది ఒక ధర, నిలవచేసిన ముక్కుడుకాయది మరొక ధర. లోపలే ఎండిన కురిడీ అయితే అందులో గండేరా వేరు, గటగట వేరు. కాయను చెవి దగ్గర ఆడించి చూసి రకం చెప్పే మనుష్యులు అక్కడ ఉన్నారు. వారు కాయను చూసినట్టు మనం మన పిల్లల ముఖాలను చూస్తే ఎంత బాగుండునో అనిపించింది.

అంబాజీపేట దాటాక పి.గన్నవరం. వైనతేయ పాయ మీద అక్విడక్టు. కింద నది, పైన కాలువ. ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. అది దాటి రాజోలు వైపు తిరిగి, సాయంత్రం నాలుగింటికి ఊరు చేరాను. కూడిక ఏడింటికి. ఈలోపు టీ తాగుదామని నేను బస చేసిన ఇంటివారి అబ్బాయి నన్ను కాలువగట్టుకు తీసుకువెళ్లాడు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నెమ్మదైన పిల్లవాడు. టీ కొట్టు బల్ల మీద కూర్చునేసరికి ఆ నెమ్మదితనం ఏమైందో తెలియదు!

విషయం ఏమిటంటే, అంతకు రెండు వారాల క్రితం, నవంబరు 15న, ఐ.పి.ఎల్.లో ఒక పెద్ద మార్పిడి జరిగింది. రాజస్థాన్ జట్టు తన కెప్టెన్ సంజు శాంసన్‌ను చెన్నైకి ఇచ్చింది. బదులుగా చెన్నై రవీంద్ర జడేజాను, ఇంగ్లండు ఆటగాడు శామ్ కరన్‌ను ఇచ్చింది. దీనిని వారు ట్రేడ్ అంటారు. మన పాతకాలపు వస్తుమార్పిడి వంటిదే. శాంసన్ వెల 18 కోట్లు. జడేజా అంతకుముందు 18 కోట్ల మనిషి, ఈ మార్పిడిలో 14 కోట్లకు వెళ్లాడు. కరన్ 2 కోట్ల 40 లక్షలు.

“లెక్క చూడండి అయ్యగారూ! ఇద్దర్నీ కలిపినా 16 కోట్ల 40 లక్షలే. రాజస్థాన్‌కి కోటీ అరవై మిగిలాయి, మనుషులు ఇద్దరొచ్చారు. ఎవరు గెలిచినట్టు?” అన్నాడు మా అబ్బాయి.

“అవునొరేయ్, ఒకడికి ముప్ఫై ఒకటి, ఇంకొకడికి ముప్ఫై ఏడు వస్తున్నాయి. ఆ లెక్క ఎవడేస్తాడు?” అన్నాడు ఆటో నడిపే కుర్రాడు. అక్కడినుండి మాట హైదరాబాదు జట్టు మీదికి మళ్లింది. క్లాసెన్‌కు 23 కోట్లు ఇచ్చి ఉంచుకోవడం దండగనీ, వదిలేస్తే ఆ డబ్బుతో ముగ్గురు గట్టి ఆటగాళ్లు వస్తారనీ ఒకడు. 2025 మే 25న ఢిల్లీలో కలకత్తా జట్టు మీద 37 బంతుల్లో నూరు కొట్టినవాణ్ణి వదులుతారా అని మరొకడు. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే కుర్రాడు అప్పటిదాకా ఊరుకున్నవాడు ఒక్క మాట అన్నాడు: “వంద కౌంటు మూడు కలిపితే ముప్ఫై కౌంటు అవుద్దా?”

అందరూ నవ్వారు. రొయ్యల బేరం తెలిసినవారికి వేరే వివరణ అక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. కిలోకు ముప్ఫై తూగే పెద్ద రొయ్యకు ఉన్న ధర, వంద తూగే చిన్న రొయ్యకు రాదు.

ఎవరో “మన అమలాపురం సాత్విక్‌కి ఎంత పలుకుద్దిరా?” అని అడిగారు. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2023లో జపానులో కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అదే ఏడు ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో కలిసి బంగారు పతకం. క్రికెట్లో ఏ సిక్సరు అంత వేగంగా పోతుంది? అయినా బల్ల మీద ఎవరూ అంకె చెప్పలేకపోయారు. వేలంలో లేని సరుకుకు ధర చెప్పడం వారికి చేతకాలేదు.

పక్కనే ఒక పెద్దాయన చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నారు. నలభై ఏళ్లు కొబ్బరి దళారీ చేసిన మనిషి. పిల్లలు మావయ్యగారూ అని పిలుస్తున్నారు. క్రికెట్టు ఆయనకు అంతంతమాత్రమే. కాని ధర సంగతి వస్తే ఆగలేకపోయారు.

“చూడండి బాబూ, కాయ గొప్పదని ఎవడూ ఎక్కువ ఇవ్వడు. వాడి గోదాములో ఆ కాయ లేదు గనక ఇస్తాడు. జేబులో ఉంది గనక ఇస్తాడు. చెన్నైవాళ్ల దగ్గర ఏది లేదు?”

“వికెట్ల వెనక నిలబడి బాదేవాడు లేడండి. ధోనీకి నలభై నాలుగు.”

“అదీ సంగతి. లేని సరుక్కి పద్దెనిమిది ఇచ్చారు.”

నాకు లేవీయకాండము 27వ అధ్యాయం మనసులోకి వచ్చింది. మ్రొక్కుబడి చేసినవారికి వయస్సును బట్టి, స్త్రీ పురుషులను బట్టి వెల నిర్ణయించిన అధ్యాయం. చదివేటప్పుడు చాలామందిమి త్వరగా పుటలు త్రిప్పేస్తాం. అందులోనే, మ్రొక్కుకున్నవాడు బీదవాడైతే వాని స్తోమతను బట్టి యాజకుడు వెల కట్టాలని ఉన్నది. అంటే వెల మనిషిని బట్టి గాక, ఇచ్చేవాని చేతిని బట్టి కూడా మారుతుందన్నమాట. ఈ మాట పైకి అనలేదు. ఏడింటికి ఎలాగూ నా వంతు ఉన్నది!

నేను అన్నది వేరే. ఒక పాత పత్రికలో చదివిన అమెరికా సంగతి చెప్పాను. అక్కడ బేస్‌బాల్ అని ఒక ఆట ఉన్నది. బంతిని కర్రతో బాదడమే. 1919 డిసెంబరులో బోస్టన్ జట్టు యజమాని బేబ్ రూత్ అనే గొప్ప బాదుడుగాణ్ణి లక్ష డాలర్లకు న్యూయార్కు జట్టుకు అమ్మేశాడు. అంతకు ముందేడు, 1918లో, ఛాంపియన్లయిన బోస్టన్‌కు మళ్లీ ఆ పేరు రావడానికి 2004 దాకా పట్టింది. ఎనభై ఆరేళ్లు బోస్టన్‌లో తాతలూ మనుమలూ ఆ బేరం గూర్చే కీచులాడుకున్నారు.

“మనకూ ఉందండి అలాంటిది,” అన్నాడు మా అబ్బాయి. “2018 నవంబరు. శిఖర్ ధావన్.”

వాడు అప్పుడు ఏడో తరగతి. వాడి పెద్దన్న ఆ రాత్రి అన్నం తినలేదట. హైదరాబాదు జట్టు తన పెద్ద బ్యాట్స్‌మన్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, ముగ్గురిని తెచ్చుకుంది. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. మొదటి ఇద్దరూ చెరొక 3 కోట్ల 20 లక్షలు. మూడవవాడు 55 లక్షలు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఆ రోజుల్లో వాదనంతా విజయ్ శంకర్ ధావన్‌కు సరితూగుతాడా అనే. మూడవవాని పేరెత్తిన మనిషి లేడట.

“కొసరు!” అన్నారు మావయ్యగారు.

ఆ మాట సరిగ్గా అతికింది. కొసరు అడగని బేరం మన బజారులో ఉంటుందా? వంకాయలు తూచాక రెండు పచ్చిమిరపకాయలు వేస్తారే, అది. ఆ కొసరు కుర్రాడు చాలాకాలం అవకాశాల కోసం ఎదురుచూశాడు. 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు. ఆ ఏడాది ఆఖరున హైదరాబాదు వారు 14 కోట్లిచ్చి అట్టేపెట్టుకున్నారు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబు మీద 55 బంతుల్లో 141. అప్పటికి ఐ.పి.ఎల్.లో ఒక భారతీయుడు చేసిన అత్యధిక పరుగులు అవే. అలాగని ఢిల్లీవారు మోసపోయారనడానికీ లేదు. 2020లో ధావన్ 618 పరుగులు చేసి వారిని ఫైనల్ దాకా తీసుకువెళ్లాడు. బేరం జరిగిన రోజున దాని విలువ చెప్పగలిగినవాడు ఆ గట్టున గాని, ఢిల్లీలో గాని లేడు.

మళ్లీ జడేజా దగ్గరికి వచ్చారు. ఈసారి చెప్పిన సంగతి నాకు బొత్తిగా తెలియదు. 2008లో మొదటి కప్పు గెలిచిన రాజస్థాన్ జట్టులో జడేజా ఉన్నాడు. 2010లో, ఇరవై ఒక్క ఏళ్లప్పుడు, ఒప్పందం మీద మళ్లీ సంతకం చేయకుండా తనంతట తాను మరొక జట్టుతో ధర మాట్లాడబోయాడు. నిబంధనకు విరుద్ధమని ఆ ఏడాది ఆటనుండే నిషేధించారు. 2012లో అతని కోసం చెన్నై, మన డెక్కన్ ఛార్జర్స్ రెండూ ఇరవై లక్షల డాలర్ల దాకా పాడి, అక్కడ సమానమై, రహస్యపు చీటీల మీద చెన్నైకి దక్కాడు.

“తన ధర తాను మాట్లాడుకున్నందుకే నిషేధమా?” అని అడిగాను.

“అవునండి. ఇప్పుడు కొంత నయమండి. ఆటగాడు ఒప్పుకోకపోతే ట్రేడ్ అవదు.”

కూడిక అయ్యేసరికి తొమ్మిది దాటింది. ఇంటికి వచ్చి చేపల పులుసుతో భోజనం చేశాం. రెండు గదుల డాబా ఇల్లు, గచ్చు ఇంకా కొత్తది. అబ్బాయి తండ్రి దింపు పని చేసేవాడు. మోకాళ్లు అరిగిపోయి ఇప్పుడు చెట్టెక్కడం లేదు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లయింది. డాబా ఆమె కట్టించిందే. కోనసీమలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏ వీధికి వెళ్లినా ఒక తల్లి, ఒక అక్క గల్ఫులో ఉంటుంది. మన సంఘాల్లో స్త్రీల కూడికలు పలచబడడానికి అదీ ఒక కారణమని కాపరులందరికీ తెలుసు.

ఆమె ఇప్పుడున్న ఇంట్లో పనికి చేరి రెండేళ్లు కావస్తోంది. ఎనిమిదిమంది ఉన్న ఇల్లు. మరొక ఇంటివారు వంటపని మాత్రమే చూసుకుంటే చాలు, జీతం పెంచి ఇస్తామన్నారట. కాని ఇంటిపని వీసా మీద వెళ్లినవారు యజమాని మారాలంటే ఉన్న యజమాని సాధారణంగా ఒప్పుకోవాలి. “రిలీజ్ ఇవ్వట్లేదండి,” అన్నాడు తండ్రి.

రిలీజ్. సాయంత్రమంతా ఆ బల్ల మీద నేను విన్న మాటే. అబ్బాయి తల వంచుకుని కంచంలో గీతలు గీస్తున్నాడు. తరువాత వాడే మెల్లగా అన్నాడు: “ఐ.పి.ఎల్. వేలం 2023లో దుబాయిలో పెట్టారండి. 2024లో జెడ్డాలో. ఈసారి అబుదాబీలోనండి. అన్నీ అటువైపే.” ఇంకేమీ అనలేదు.

పదకొండున్నరకు ఫోను మ్రోగింది. అక్కడ తొమ్మిది. పని ముగిసి ఆమె గదిలోకి వచ్చే వేళ. నాకు వందనాలు చెప్పి, భోజనం సరిగా పెట్టారా అని అడిగింది. ప్రార్థన చేశాను. తరువాత కొడుకుతో మాట్లాడింది. ఏం చెబుతాడు పాపం, వాడికి తెలిసినదే చెప్పాడు. జడేజాను రాజస్థాన్‌కి ఇచ్చేశారమ్మా అని. ఆమెకు జడేజా ఎవరో తెలియదు. కాసేపు ఊరుకుంది.

“అతన్ని అడిగారా?”

“అడగాలమ్మా. సంతకం పెట్టాలి.”

“ఊఁ,” అంది. తరువాత మాట మార్చి తండ్రి మోకాళ్ల గూర్చి, వెయ్యి కాయల ధర గూర్చి అడిగింది.

డిసెంబరు 16 రాత్రి ఆ అబ్బాయి నాకు ఫోను చేశాడు. అబుదాబీలో వేలం అయిపోయిందట. ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ గ్రీన్‌ను కలకత్తావారు 25 కోట్ల 20 లక్షలకు పాడారు. కాని అతని చేతికి వచ్చేది 18 కోట్లే. చిన్న వేలంలో విదేశీయులకు అంతకు మించి ఇవ్వరాదని నియమం పెట్టారు. మిగిలినది ఆటగాళ్ల సంక్షేమం కింద బోర్డుకు పోతుందట. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాడు. అమ్మ సంగతి ఏమైందని అడిగాను.

“ఇంకా లేదండి అయ్యగారూ. ఫిబ్రవరికి రెండేళ్లు నిండుతాయండి. అప్పుడు మళ్లీ అడుగుతానందండి.”