సిలబస్‌లో లేని భాష

మా బాబాయ్ రిటైర్డ్ జవాను. ఇప్పుడు భద్రాచలం దాటాక చర్లలో, ఓ సెక్యూరిటీ కంపెనీ తరఫున బ్యాంకు గార్డు. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ఇలాంటి గార్డుకి 100 గంటల తరగతులు, 60 గంటల ఫీల్డ్ శిక్షణ ఉండాలన్నారు; మాజీ సైనికులకైతే 40, 16 చాలన్నారు. ఆయుధాలు, మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుర్తింపు కార్డుల మీద ఇంగ్లీషు అక్షరాలు చదవడం అన్నీ ఉండేవి. కోయ భాష లేదు. అది ఆయన సంతలో నేర్చుకున్నాడు.

ఎండాకాలం తునికాకు డబ్బులు పడితే అడవి పల్లెల జనం బ్యాంకుకొస్తారు. "తుపాకీతో వచ్చిన దొంగని ఇంతవరకు చూళ్ళేదురా. ఫారం నింపుతామని కమీషన్ కొట్టేసేవాళ్ళనే చూస్తున్నా" అంటాడు బాబాయ్. కోయలో ఓ మాట చెప్తే చాలు, ముసలవ్వ పాసుబుక్కు గట్టిగా పట్టుకుంటుందట. శిక్షణలో ఆ భాషకి ఓ 10 గంటలు ఇస్తే, బ్యాంకుతో పాటు అవ్వ డబ్బుకీ కాపలా ఉంటుంది.