బూజుకు ఒక భద్రమైన ఇల్లు

ఊరగాయ జాడీ మూత తీయగానే పైన తెల్లగా బూజు కనిపిస్తే ఏ ఇల్లాలికైనా మనసు చివుక్కుమంటుంది. తడి గరిటె పెట్టినదెవరని ఇంట్లో చిన్న విచారణ కూడా జరుగుతుంది. బూజంటే మనకు తెలిసింది ఒకటే: తీసి అవతల పారెయ్యాలి. అలాంటి బూజును గాజు గొట్టాల్లో పెట్టి, చీటీలంటించి, తాళం వేసి, ఏళ్ళ తరబడి ప్రాణంతో కాపాడే చోట్లు ఉన్నాయంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వేసి వదిలెయ్యకండి. మీ ఇంట్లో ఎవరికైనా తామర మానకుండా వేధిస్తుంటే, ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఆధారం ఆ గొట్టాలే. అందుకే ఈ వారం ఆ సంగతి చెబుతాను.

తామర మారిపోయింది

నేను ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో తామర చిన్న జబ్బు. కొన్ని వారాలు పూతమందు శ్రద్ధగా రాస్తే చాలామందికి పోయేది. గత పదేళ్ళలో ఆ తీరు మారింది. మా ప్రభుత్వాస్పత్రి ఓ.పి.కి ఇప్పుడు తామరతో ఒకరు రారు, కుటుంబం కుటుంబమే వస్తుంది. ఆ మధ్య ఒక అత్తగారు, కోడలు, మనవడు కలిసి వచ్చారు. ముగ్గురికీ నడుము చుట్టూ, గజ్జల్లో వలయాలు వలయాలుగా మచ్చలు.

"ఏడు ట్యూబులయ్యాయి డాక్టరు గారూ. రాసినన్నాళ్ళు తగ్గినట్టే ఉంటుంది, మానేస్తే రెట్టింపవుతుంది" అన్నదా పెద్దావిడ.

సంచీలోంచి తీసి చూపించిన ట్యూబులో ఫంగస్ మందుతోపాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంది. స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణచివేస్తుంది. రోగి హాయిగా నిద్రపోతాడు. చర్మంలో ఫంగస్ మాత్రం నిద్రపోదు, నెమ్మదిగా పాకుతూనే ఉంటుంది.

దీనికి తోడు మన ప్రాంతంలో కొత్త రకం తామర ఫంగస్ ఒకటి ప్రబలింది. దాని పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఈ పేరు పెట్టింది 2020లో, జపాను పరిశోధకులు. అక్కడ పరీక్షించిన ఇద్దరు రోగుల్లో ఒకరు నేపాలుకు, ఒకరు భారతదేశానికి చెందినవారు. తామరకు మనం ఎంతో నమ్ముకున్న టెర్బినాఫిన్ అనే మందుకు ఈ రకం చాలాసార్లు లొంగడం లేదు.

కాగితం చాలదు, ప్రాణమున్న నమూనా కావాలి

తామర పరీక్ష ఎలా చేస్తారో చాలామందికి తెలియదు. మచ్చ అంచు నుంచి పొట్టును మెల్లగా గీకి తీస్తారు. నొప్పేమీ ఉండదు. కొంత పొట్టును గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫంగస్ ఉందో లేదో కాసేపట్లో తెలుస్తుంది. కాని అది ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తెలియాలంటే మిగిలిన పొట్టును ఆహారం కలిపిన జిగురు పదార్థం మీద వేసి పెంచాలి. దీనికి నాలుగు వారాలు కూడా పట్టవచ్చు. ఇలా పెంచినదాన్నే కల్చర్ అంటాం.

రిపోర్టు వచ్చాక ఆ కల్చర్‌ను ఏం చెయ్యాలి? చాలా చోట్ల పారేస్తారు. రిపోర్టు కాగితం మాత్రం ఫైలులో మిగులుతుంది. రెండేళ్ళ తర్వాత కొత్త మందు వచ్చిందనుకోండి, ఆ ఫంగస్ దానికి లొంగుతుందా అని కాగితాన్ని అడిగితే జవాబు చెప్పదు.

నేను ఒకప్పుడు పనిచేసిన ఊళ్ళో ఆస్పత్రి ల్యాబువారు కొన్ని గొట్టాలు ఫ్రిజ్‌లో దాచేవారు. ఒక వేసవిలో కరెంటు పోయి, ఫ్రిజ్ ఆగిపోయి, అన్నీ చెడిపోయాయి. రెండో ప్రతి ఎక్కడా లేదు. ఆ తర్వాత ఒక పాత రోగికి తామర తిరగబెట్టింది. పాత ఫంగసే మందుకు అలవాటు పడిందా, లేక ఎవరి దగ్గర నుంచో కొత్తది అంటిందా? పాత గొట్టం ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళం. అది లేకపోవడంతో ఊహ మీదే చికిత్స మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ రోగి నయం కావడానికి నెలలు పట్టింది.

పెరుగు తోడు లాంటిదే

మీ ఇంట్లో రోజూ కాస్త పెరుగు తోడుకని మిగులుస్తారు కదా! ఎప్పుడైనా అది అయిపోతే పక్కింటి పిన్నిగారిని గిన్నెడు తోడు అడుగుతారు. పెరుగులో ఉండేవి బాక్టీరియాలు, నేను చెప్పేవి ఫంగస్‌లు, ఈస్టులు. పద్ధతి మాత్రం అదే: మంచిదాన్ని దాచుకోవాలి, నలుగురికీ ఇచ్చి ఉంచాలి. ఒక చోట పోతే ఇంకో చోట దొరుకుతుంది.

అయితే మాటిమాటికీ తోడువేస్తూ పెంచితే ఫంగస్ గుణాలు మారిపోవచ్చు. అందుకని దాన్ని నిద్రపుచ్చుతారు. శుభ్రమైన నీటిలో ఉంచి దాచవచ్చని ఆల్డో కాస్టెలానీ అనే ఇటలీ వైద్యుడు 1939లోనే చూపించాడు. ఖర్చు తక్కువ గనుక ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పారఫిన్ నూనె కింద ఉంచడం, గడ్డకట్టించి తేమ లాగేసి గాజు బుడ్డిలో మూసెయ్యడం, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోనో ఉంచడం ఇతర పద్ధతులు.

నెదర్లాండ్స్‌లో ఇలాంటి భాండాగారం 1904లో మొదలైంది. 1907లో యోహానా వెస్టర్‌డైక్ అనే యువతి దాని బాధ్యత తీసుకుని అర్ధశతాబ్దం నడిపింది. ఆ దేశంలో మొట్టమొదటి మహిళా ప్రొఫెసర్ కూడా ఆమే. మన దేశంలో రోగకారక ఫంగస్‌ల జాతీయ భాండాగారం చండీగఢ్‌లోని పి.జి.ఐ. ఆస్పత్రిలో ఉంది.

పంచుకుంటేనే ఫలితం

పెన్సిలిన్ కథ మీకు తెలిసిందే. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఆ బూజు గుణం చూశాడు. అంతటితో ఆగితే అది కథగానే మిగిలేది. ఆయన ఆ బూజును అడిగినవారికి ఇచ్చాడు. దాని అంశ ఒకటి ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాలలో ప్రాణంతో ఉండబట్టి, పదేళ్ళ తర్వాత ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రజ్ఞులు పని మొదలుపెట్టగలిగారు. దాని నుంచి మందు తీసి రోగులకు ఇచ్చారు.

కాండిడా ఆరిస్ అనే ఈస్టు సంగతి చూడండి. జపానులో ఒక వృద్ధురాలి చెవి నుంచి తీసిన దీన్ని 2009లో కొత్త జాతిగా ప్రకటించారు. అది కొత్తగా పుట్టిందా? కొరియాలో 1996 నాటి రోగి రక్తం నుంచి తీసి దాచిన ఈస్టును తిరిగి పరీక్షిస్తే ఇదేనని తేలింది. ఆస్పత్రుల్లో బలహీనంగా ఉన్నవారి ప్రాణం తీసే ఈ ఈస్టు, ఎవరూ గుర్తుపట్టకుండా అన్నేళ్ళు ఉందన్నమాట. ఆ నమూనా దాచకపోతే ఆ సంగతి మనకు తెలిసేదే కాదు.

మన తామర ఫంగస్ కూడా అంతే. న్యూయార్కులో ఇద్దరు రోగుల కల్చర్లకు ల్యాబువారు ముందు వేరే పేరు పెట్టారు. 2023లో వాటిని మళ్ళీ పరీక్షిస్తే ఇండోటినియే అని బయటపడింది.

ఇంకో ఉపయోగం ఉంది. కిరాణా కొట్లో తూకపురాళ్ళు సరైనవో కావో చూసేందుకు ముద్ర వేసిన రాళ్ళుంటాయి. ల్యాబులకూ అలాంటి ముద్రరాళ్ళు కావాలి. 22019 అనే నంబరు గల కాండిడా పారాసిలోసిస్ ఈస్టును అమెరికా భాండాగారం పంచి ఇస్తుంది. ఏ మందుకు అది ఎంత మోతాదులో లొంగుతుందో ముందే తెలుసు గనుక, ఏ దేశపు ల్యాబైనా తన పరీక్ష సరిగా ఉందో లేదో దానితో సరిచూసుకోవచ్చు.

"రోగక్రిములను దాచడం ప్రమాదం కాదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వీటిని శిక్షణ పొందినవారు ప్రత్యేకమైన గదుల్లోనే ముట్టుకుంటారు. అర్హత గల సంస్థలకు తప్ప ఇవ్వరు. పంపేటప్పుడు మూడు పొరల పెట్టెలో, చుక్క కారకుండా పంపుతారు. ఇక గొట్టం మీద ఉండేది నంబరు, మీ పేరు కాదు.

మీరు చెయ్యవలసింది

తామర అని అనుమానం రాగానే మందుల షాపుకు పరుగెత్తకండి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అనే పేర్లుంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. డాక్టరు చెప్పనిదే అది తామరకు రాయవద్దు.

మచ్చ మీద మందు రాసి పరీక్షకు వెడితే ఫంగస్ ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. ఏం రాశారో, ఏం మింగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మందు ఎన్నాళ్ళు ఆపి రావాలో ఆయన చెబుతారు.

తామర మళ్ళీ మళ్ళీ వస్తుంటే కల్చర్ చేయించమని అడగండి. రిపోర్టు ఆలస్యమైతే విసుక్కోకండి. నమూనాను ముందు ముందు పరీక్షల కోసం దాచుకోవచ్చా అని ల్యాబువారు అడిగితే, వివరం తెలుసుకుని, నచ్చితే ఒప్పుకోండి.

దురద పోయిందని మందు మధ్యలో ఆపకండి. ఇంట్లో ఎందరికి తామర ఉంటే అందరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి. తువ్వాళ్ళు, లోదుస్తులు ఎవరివి వారికే ఉండాలి. వాటిని వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. తడి బట్టలు, బిగుతు బట్టలు వేసుకోకండి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి మరొక మాట. 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన నల్ల ఫంగస్ మన దేశంలో నలభై వేల మందికి పైగా సోకింది. చక్కెర అదుపులో లేనివారే వారిలో ఎక్కువ. ముఖం ఒకవైపు వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, చూపు మసకబారడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. ఒక ఫంగస్‌కు పనిచేసే మందు దీనికి పనిచెయ్యకపోవచ్చు. అందుకే అక్కడ తీసే చిన్న ముక్కను వెంటనే పరీక్షకు పంపించడం మందు ఇచ్చినంత ముఖ్యం.