ముగ్గు మీద నూనె చుక్క

మా అమ్మకి వాకిట్లో ముగ్గు వేయనిదే పొద్దు పొడవదు. ఆ ముగ్గు పక్కనే నాన్న బుల్లెట్ ఉంటుంది. నాన్న పోయాక దాని బాగోగులు నా మీద పడ్డాయి. మొదటిసారి ఇంజినాయిలు నేనే మార్చాను. గొప్పగా ఫీలయ్యాను కూడా. మర్నాడు పొద్దున్నే అమ్మ పిలిచింది.

‘‘ఒరేయ్, ఇటొచ్చి చూడు.’’

తెల్లటి ముగ్గు మధ్యలో రూపాయి బిళ్లంత నల్ల మరక. వారం తిరిగేసరికి అది అరచేయంత అయింది. ‘‘ఆయనుండగా ఒక్క చుక్క పడలేదు. చూసుకోలేకపోతే అమ్మెయ్’’ అంది అమ్మ. ఆ మాట గుచ్చుకుంది.

కారుతోంది కింద డ్రెయిన్ నట్టు దగ్గర. కారితే బిగించాలి, అంతే కదా! బిగించాను. ఆగలేదు. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఐదు చుట్లు చుట్టి, పానాకి ఇనుప గొట్టం తగిలించి మరీ తిప్పాను. మొదట కిర్రుమంది. తర్వాత ఒక్కసారిగా తేలికైపోయింది. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. మర పోయిందని అర్థమయ్యేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడో పెద్దాయన నట్టు ఊడదీసి, దానికి అంటుకున్న టేపు పీలికలు చూపించి నవ్వాడు.

‘‘ఇది నీళ్ల పైపు కాదు బాబూ. ఈ పీలిక లోపలికెళ్లి నూనె దారికి అడ్డుపడితే ఇంజనే పోతుంది. పైగా టేపు జారుడుగా ఉంటుంది. ఎంత బిగిస్తున్నామో చేతికి తెలీదు. నట్టు ఉక్కు, ఇంజను కేసు అల్యూమినియం. రెండూ కొట్లాడితే ఓడేది మెత్తనిదే.’’

‘‘మరి నూనె ఎలా ఆగుతుందండీ?’’

‘‘మర నట్టుని పట్టుకుంటుందంతే. నూనెని ఆపేది వాషరు. అది నలిగి, రెండు వైపులా సందు లేకుండా అతుక్కోవాలి. పాత వాషరే వేసుంటారు మీరు.’’

నిజమే. పాతదే తుడిచి పెట్టాను.

అన్నిచోట్లా ఇదే లెక్క కాదట. కొన్ని బండ్లలో ఆయిల్ ప్రెషర్ స్విచ్‌లాంటి వాటికి మర చివరికి సన్నబడుతూ ఉంటుంది. అక్కడ మరే అడ్డుకట్ట. దానికి నూనెకీ వేడికీ తట్టుకునే గమ్ము రాయొచ్చు. అదీ మొదటి రెండు మరలు వదిలేసి, పల్చగా.

పాడైన మర తీసేసి, కొత్త మర కోసి, స్ప్రింగులాంటి ఉక్కు తీగచుట్ట లోపల కూర్చాడాయన. కొత్త వాషరు వేసి, మామూలు పానాతో, గొట్టం లేకుండా బిగించాడు. ‘‘ఇంటికెళ్లాక పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఆరాక మొహానికి రాసుకునే పౌడరు చల్లి కాసేపు తిప్పండి. ఎక్కడ కారుతుందో అక్కడే పౌడరు తడుస్తుంది. చుక్క పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు’’ అన్నాడు.

పౌడరు చల్లాను. ఊరంతా తిరిగొచ్చాను. పొడిగానే ఉంది.

ఆ సాయంత్రం నాన్న పనిముట్ల పెట్టె తెరిచాను. అడుగున చిన్న టిన్ను డబ్బా. నిండా రాగి వాషర్లు. అప్పుడు గుర్తొచ్చింది. ఆయిలు మార్చే ముందు నాన్న ఒక వాషర్ని పట్టకారుతో గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేసేవాడు. ‘చుయ్’మనేది. పది రూపాయల కోసం ఈ పిసినారితనం ఏమిటా అనుకునేవాణ్ని. నలిగిన రాగి గట్టిపడిపోతుందని, కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడి కొత్తదానిలా అతుక్కుంటుందని ఇన్నేళ్లకు తెలిసింది. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

మొన్న మళ్లీ ఆయిలు మార్చే రోజు వచ్చింది. డబ్బాలోంచి ఒకటి తీసి స్టవ్వు వెలిగించాను. వెనక నుంచి అమ్మ గొంతు.

‘‘పాలు కాచుకునే పొయ్యి మీద ఆ మకిలి సామానేంట్రా! అచ్చం ఆయనలాగే...’’

మాట సగంలో ఆపేసింది. వాషరు నీళ్లలో చుయ్‌మంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బండి అమ్మే మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.