సూర్యాపేట చౌరస్తాలో పదహారో బీహార్

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణించేవాళ్లు సూర్యాపేటలో టీకో టిఫిన్‌కో ఆగి, కోదాడ వైపు సాగిపోతారు. ఊళ్లోకి మళ్లి కోర్టు చౌరస్తా దాకా వెళితే కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహం కనిపిస్తుంది. ఆయన లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో పోరాడి నేలకొరిగిన సరిగ్గా ఏడాదికి, 2021 జూన్ 15న, అప్పటి మంత్రి కేటీఆర్ దాన్ని ఆవిష్కరించారు. నేను మిర్యాలగూడ నుంచి పనిగట్టుకొని వచ్చింది విగ్రహం ఒక్కటే చూడాలని కాదు. ఆయన కమాండింగ్ ఆఫీసరుగా ఉన్న పటాలం 16 బీహార్. ఆ పటాలం ఈ ఊరి జ్ఞాపకంలో ఎంతవరకు మిగిలిందో తెలుసుకోవాలని.

పొద్దున పది దాటింది. నల్లకోట్లు చేతిమీద వేసుకొని వకీళ్లు కోర్టువైపు నడుస్తున్నారు. ఆటోలు విగ్రహాన్ని చుట్టి పోతున్నాయి. పక్కన నిమ్మసోడా బండి పెట్టుకున్నాయన నేను అడగకముందే మాట కలిపాడు. "కల్నల్ సారు శవపేటిక వచ్చిన్నాడు షట్టర్లు మూసి రోడ్డు మీదికొచ్చినం సార్. కరోనా ఉండె. అయినా ఎవలం ఆగలే." ఆ రాత్రి సారుతోపాటు ఇంకా ఎవరెవరు పోయారో తెలుసా అన్నాను. సోడా సీసా గోలీ నొక్కుతూ ఒక్క క్షణం ఆగాడు. "ఇరవై మంది అంటరు. తక్కినోళ్లంత బీహారోళ్లు కాదా సార్?"

కాదు. బీహార్ రెజిమెంటు పేరులో బీహార్ ఉన్నా అందులో ఒడిశా, ఝార్ఖండ్ ఆదివాసీ యువకులు మొదటినుంచీ ఉన్నారు. "బిర్సా ముండా కీ జై" అనేది ఆ రెజిమెంటు యుద్ధనినాదాల్లో ఒకటి. పైగా ఆ రాత్రి 16 బీహార్‌కు తోడుగా పంజాబ్ రెజిమెంటువాళ్లు, ఫిరంగిదళం వాళ్లు కూడా ఉన్నారు. మయూర్‌భంజ్ నుంచి నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్. పాటియాలా నుంచి మన్‌దీప్ సింగ్, గురుదాస్‌పూర్ నుంచి సత్నామ్ సింగ్. తమిళనాడు రామనాథపురం నుంచి హవల్దార్ పళని. మధ్యప్రదేశ్ రీవా నుంచి నాయక్ దీపక్ సింగ్. పంజాబ్ మాన్సా నుంచి గుర్తేజ్ సింగ్. బీర్‌భూమ్ నుంచి రాజేశ్ ఒరాంగ్, కాంకేర్ నుంచి గణేశ్ రామ్, కంధమాల్ నుంచి చంద్రకాంత ప్రధాన్, తూర్పు సింగ్‌భూమ్ నుంచి గణేశ్ హాంస్దా. సాహిబ్‌గంజ్‌కు చెందిన కుందన్ కుమార్ ఓఝాకు ఆడపిల్ల పుట్టి మూడు వారాలైనా కాలేదు. ఆ పిల్ల ముఖం ఆయన చూడనేలేదు.

బీహార్ రెజిమెంటు మూలాల్లో మన హైదరాబాద్ ఉండటం చాలామందికి తెలియదు. నిజాం రాజ్యంలో రెసిడెంటు హెన్రీ రస్సెల్ 1813లో లేపిన బ్రిగేడే పెరిగి, తర్వాతి కాలంలో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యింది. దానికి అనుబంధంగా బీహార్ మనుషులతో ఉండిన 11వ టెరిటోరియల్ బెటాలియన్‌నే 1941లో విడదీసి బీహార్ రెజిమెంటుగా నిలబెట్టారు. హైదరాబాద్ రెజిమెంటు 1945లో కుమావోన్ రెజిమెంటు అయిపోయింది, ఆ పేరు సైన్యంలో మాసిపోయింది. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతిలో చేరిన సూర్యాపేట పిల్లవాడు ఎన్‌డీఏ మీదుగా 2004లో బీహార్ రెజిమెంటులోనే అధికారిగా అడుగుపెట్టాడు. 2019 చివర్లో 16 బీహార్‌కు సారథి అయ్యాడు.

కోదాడకు చెందిన ఒక రిటైర్డు హవల్దారు నా కోసం చౌరస్తాకు వచ్చారు. ఫిరంగిదళంలో పనిచేసిన మనిషి, లద్దాఖ్‌లో రెండు చలికాలాలు గడిపారు. విగ్రహం ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ చేసిన తర్వాతే నాతో మాట్లాడారు. ఆయన నోట బెటాలియన్ అనే మాట రాలేదు. పల్టన్ అంటారు.

"పల్టన్‌ల ఎనిమిది వందల మంది ఉంటరు సార్. సీఓ సాబ్‌కు అందరి పేర్లు ఎరుకే. ఎవని ఇంట్ల పెండ్లి, ఎవని అమ్మకు బాగలేదు, అన్నీ ఆయన దగ్గరికే వస్తయి. సీఓ ముందట నడిస్తే జవాన్ ఎనుకకు చూడడు."

ఆ రాత్రి జరిగింది అచ్చంగా అదే. 2020 జూన్ 6న భారత్, చైనా సైనిక కమాండర్లు మాట్లాడుకొని వెనక్కి తగ్గాలని ఒప్పుకున్నారు. గల్వాన్ నదీ తీరంలో పెట్రోలింగ్ పాయింట్ 14 దగ్గర చైనా శిబిరం మాత్రం కదలలేదు. మాట నిలబెట్టుకున్నారో లేదో చూసి రావడానికి జూన్ 15న పటాలం అధిపతే స్వయంగా వెళ్లారు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు తుపాకి పేల్చకూడదన్న 1996 ఒప్పందం రెండు సైన్యాలనూ కట్టేసింది. రాళ్లు, ఇనుప మేకులు దిగ్గొట్టిన దుడ్డుకర్రలతో గంటల తరబడి చీకట్లో పోరాటం సాగింది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు, గడ్డకట్టించే నీళ్లు. నదిలో పడ్డవాళ్లలో చాలామంది తేరుకోలేదు. 1975 తర్వాత ఆ సరిహద్దు ఘర్షణల్లో సైనికులు చనిపోవడం అదే మొదలు. చైనా తనవైపు నలుగురు చనిపోయారని 2021 ఫిబ్రవరిలో గాని ప్రకటించలేదు.

దీపక్ సింగ్ నర్సింగ్ అసిస్టెంటు. తనకు దెబ్బలు తగిలినా ముప్పై మందికి పైగా క్షతగాత్రులకు ఆ రాత్రి వైద్యం అందించి, అక్కడే ప్రాణం విడిచాడు. నేను ఇది చెబుతుంటే హవల్దారుగారు రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నారు. "మందుల సంచి మోసేటోని పేరు ఎవలూ అడగరు సార్" అన్నారు. దీపక్ భార్య రేఖా సింగ్ చెన్నైలో శిక్షణ పూర్తిచేసి 2023లో సైన్యంలో లెఫ్టినెంటు అయ్యారు. సంతోష్‌బాబు భార్య సంతోషిని తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరుగా నియమించింది.

మధ్యాహ్నం కేసారం వెళ్లాం. ఊరు సూర్యాపేటకు దగ్గరే, రోడ్డుకు అటూ ఇటూ వరి. అక్కడి సొంత పొలంలోనే 2020 జూన్ 18న సంతోష్‌బాబుకు సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఒక పెద్దావిడ నారుకట్టలు పక్కన పెట్టి మా దగ్గరకొచ్చింది. "ఆ పిల్లగాని తండ్రి బ్యాంకుల చేసిండు. తను మిల్ట్రీల పోదామనుకుంటే కుదరలేదట, కొడుకును పంపిండు" అంది. అని, మా హవల్దారుగారి వైపు తిరిగి, "నువ్వు బతికొచ్చినవా బిడ్డా?" అని అడిగింది. ఆయన వంగి ఆమె పాదాలకు దండం పెట్టారు.

2021 నవంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా సంతోష్‌బాబు తల్లి, భార్య మహావీర్ చక్ర అందుకున్నారు. సోరెన్, పళని, దీపక్, గుర్తేజ్‌లకు మరణానంతరం వీర్ చక్ర వచ్చింది. అయిదో వీర్ చక్ర 3 మీడియం రెజిమెంటు హవల్దార్ తేజిందర్ సింగ్‌ది. ఆయన ఆ రాత్రి పోరాడి బతికి వచ్చినవారు.

ఈ నేలకు పోయినవాళ్ల పేర్లు రాసుకునే అలవాటు కొత్తది కాదు. ఊరికోసం, పశువులకోసం చచ్చినవాడికి వీరగల్లు నాటేవారు. సాయుధ పోరాటం తర్వాత నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో ఎర్ర స్తూపాలు లేచాయి. వాటి మీద నాయకుడి పేరు పక్కనే కూలి పేరూ ఉంటుంది, ఇంటిపేరుతో సహా. అలా రాసిన ప్రాంతంలో పుట్టినందుకే సంతోష్‌బాబు పక్కన మిగతా పందొమ్మిది మందిని ఊహించకుండా ఉండలేకపోతున్నాను. పటాలాన్ని వదిలేసి పటాలపతిని తలచుకుంటే, ముందు నడిచిన ఆయనకు మనం ఇచ్చే గౌరవంలో సగం కోతపడుతుంది.

తిరుగు ప్రయాణంలో హవల్దారుగారు, నేను ఒక పని అనుకున్నాం. జూన్ 15న కోర్టు చౌరస్తాలో పూలదండ వేశాక ఇరవై పేర్లూ చదవాలి, ఒక్కో పేరు వెంట ఆ మనిషి జిల్లా పేరు కూడా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హైస్కూళ్ల పిల్లల చేత చదివిస్తే మరీ మంచిది. సోరెన్, హాంస్దా, ఒరాంగ్ అనే ఇంటిపేర్లు పలకడానికి వాళ్లకు రెండు రోజుల సాధన కావాలి. ఆ బాధ్యత తనదని హవల్దారుగారు అన్నారు. తేజిందర్ సింగ్‌ను పిలవడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఉత్తరం నేను రాస్తున్నాను.